గొట్టం వెనక మూడు స్క్రూలు

జహనుమా, 2-3-77

గౌరవనీయులు సదాశివ గారికి కళావతి నమస్కారాలు.

ఈ ఉదయం మా వంటింటి కిటికీ తెరుచుకోలేదు. అమ్మ పిడికిలితో గుద్దితే గాని పొగ బయటికి పోలేదు. ఆ దగ్గులోనే ఇది రాస్తున్నాను.

మీరు అద్దం అరగదీసి ఇచ్చిన టెలిస్కోపులో చుక్క చుక్కలా లేదు. సమోసాలా మూడు మూలలతో ఉంది. ఇరవయ్యో తేదీ సాయంత్రం మా బడి పిల్లలకు శని వలయాలు చూపించాలి. కనబడితే వారానికొక ఆకాశం క్లాసు ఇస్తామన్నారు బడి నడిపే సిస్టర్ గారు. లేకపోతే గొట్టం స్టోరు గదికి, నేను మళ్లీ కుట్టు నేర్పే క్లాసుకి.

ఇట్లు,
కళావతి

తా.క. శనికి మూలలుంటాయని, అందుకే మనకు గుచ్చుకుంటాడని అమ్మ అంటోంది.

సంతోష్‌నగర్, 5-3-77

చి. కళావతికి ఆశీస్సులు.

అద్దాన్ని బిగించి పట్టేస్తే చుక్కకు మూలలొస్తాయి. గొట్టం వెనక మూడు స్క్రూలున్నాయే, అవి అద్దాన్ని అటూ ఇటూ వంచడానికి, బిగించడానికి కాదు. మూడూ కొద్దిగా వదులు చెయ్యి. చుక్కను కావాలనే మసకబరిచి చూడు. గుండ్రటి వెలుగు మధ్యకు నల్లమచ్చ వచ్చేదాకా పావు తిప్పు చొప్పున తిప్పు. తర్వాత ముట్టుకోకు.

సదాశివ

తా.క. ముప్పై ఏళ్లుగా అద్దాలు చేస్తున్నాను. నా అద్దంలో ఇంతవరకు ఎవరికీ పలహారం కనబడలేదు.

జహనుమా, 9-3-77

సదాశివ గారికి నమస్కారాలు.

ఆదివారం మీరు చెప్పినట్టే చేశాను. చుక్క ఆవగింజంత అయింది. సోమవారం మళ్లీ సమోసా. మళ్లీ సరిచేశాను. మంగళవారం మళ్లీ సమోసా. మెడ నొప్పిగా ఉంది.

కళావతి

తా.క. మేడ మీదున్న గొట్టాన్ని ఎవరైనా కదిపారా అని ఇంట్లో అడిగాను. "నేనుండంగ ఎవడు కదుపుతడు? రోజు పొద్దుగాల లేస్తనే జూస్తున్న గద" అన్నారు నాన్న.

సంతోష్‌నగర్, 12-3-77

చి. కళావతికి.

మీ ఇంటి పక్కన పోయే రైళ్ల అదురుకైనా స్క్రూలు వదులవుతాయి గాని బిగుసుకోవు. ముట్టుకోకుండా ఉండలేని చెయ్యి నీది. అద్దం తిరిగి పంపించు. కుట్టు కూడా మంచి విద్యే.

సదాశివ

తా.క. కాస్త మెత్తగా రాయమని మా ఆవిడ రమాబాయి చెప్పింది. ఇది మెత్తగా రాసిందే.

జహనుమా, 21-3-77

సదాశివ గారికి నమస్కారాలు.

అద్దం పంపడం లేదు. పదహారున తెల్లవారగానే మేడ ఎక్కాను. పిట్టగోడ మీద చాయ్ గ్లాసు ఉంది. నాన్న గొట్టం వెనక వంగి మూడు స్క్రూలూ బలంగా బిగిస్తున్నారు.

"స్క్రూ వదులుగ ఇడిసిపెడతరా బిడ్డా? ముప్పై ఏండ్లు కార్ఖానల ఫిట్టర్ పని జేసిన. నా చెయ్యి కింద ఒక్కటి వదులు లేకుండె."

మీ మొదటి ఉత్తరం తెచ్చి చదివి వినిపించాను. పావు తిప్పు అన్నచోట మళ్లీ చదవమన్నారు. నిన్న సాయంత్రం నేను చుక్కను చూస్తూ చెబుతుంటే ఆయనే తిప్పారు. నలభై మంది పిల్లలు వలయాలు చూశారు. నాన్న ఎవరినీ గొట్టం ముట్టుకోనివ్వలేదు. ఆకాశం క్లాసు శుక్రవారం.

కళావతి

తా.క. తను బిగించిన వంటింటి కిటికీ కూడా నాన్నే వదులు చేశారు. ఇప్పుడది మూసుకోదు. జనవరి ఆఖరున నాన్న రిటైరయ్యారు.