సంచి తిరిగి వచ్చే లోపు

మహారాజశ్రీ, నడిసముద్రంలో చమురు తోడే ఇనుప దీవికి వంటశాలాధిపతి అయిన మా నాన్నగారి గరిటె పట్టిన చేతులకు, చేతికట్లు ఇంకా విప్పని మీ ఏకైక కుమార్తె నమస్కరించి విన్నవించుకొనునది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే అత్త, నేను, సంచి. ముగ్గురిలో ఎవరు ఎక్కువ క్షేమమో ఉత్తరం పూర్తయ్యాక నువ్వే తేల్చుకో. చూశావా, నాలుగు వాక్యాలకే "మీరు" జారిపోయి "నువ్వు" వచ్చేసింది. మర్యాద నా ఒంటికి పడదు.

కూరగాయల పడవ తిరుగు ప్రయాణంలో పంపిన నీ ఉత్తరం నూనె మరకలతో సహా క్షేమంగా చేరింది. అత్త కుట్టు మిషన్ ఆపి, కళ్ళజోడు పైకి తోసి, "చదవవే, ఏమంటాడు మా తమ్ముడు?" అంది. చదివాను. నువ్వు నీ వంతు సెలవుని రెండో వంటవాడికి ఇచ్చేశావనీ, బదులుగా వచ్చే నెలలో నా కిక్‌బాక్సింగ్ పోటీ రోజుకి కుదిరేలా సెలవు ఖాయం చేసుకున్నావనీ రాసిన చోట ఆవిడ మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. గుడ్డ లేకుండానే. మిషన్ చప్పుడులో ముక్కు ఎగబీల్చినా వినపడదని ఆవిడ నమ్మకం.

నువ్వడిగిన ప్రశ్నలు మూడు. నేను డిగ్రీ చదివినదాన్ని కనుక ప్రశ్నపత్రం ఎలా రాయాలో తెలుసు. ముందు తెలిసినవి, తర్వాత సగం తెలిసినవి, చివర్లో గంట కొట్టే ముందు అసలుది.

మొదటి ప్రశ్న: నీ నీలం చొక్కా ఎక్కడ? సంచిలో ఉంది. ఏ సంచి అని వెతక్కు. నేను రోజూ తన్నే సంచి. దాని పొట్టలో ఇసుక కొంచెమే, మిగతాదంతా అత్త షాపు ముక్కగుడ్డలు. వాడే కొద్దీ ఆ గుడ్డలన్నీ కిందికి దిగి అడుగు బండరాయిలా అయిపోతుంది, పైభాగం ఖాళీ తిత్తిలా మిగులుతుంది. అప్పుడు దింపి, మూతి విప్పి, కుదిపి, పైన మళ్ళీ గుడ్డలు కూరాలి. ఆ రోజు ఇంట్లో ముక్కలు చాల్లేదు. అత్త అటూ ఇటూ చూసి నీ చొక్కా అందుకుంది. "వాడికి పొట్ట పెరిగుంటుందిలే, ఇక పట్టదు" అని తీర్పు కూడా ఇచ్చింది. అప్పట్నుంచి దాన్ని నేను వారానికి ఆరు రోజులు కొడుతున్నాను. వ్యక్తిగతంగా నీ మీద ఏమీ లేదు.

రెండో ప్రశ్న: "సంచిని కొట్టడంలో ఏడాది పాటు నేర్చుకోవడానికి ఏముందమ్మా, అది ఉన్నచోటే ఉంటుంది కదా?" ఈ ప్రశ్న మాస్టారికి చదివి వినిపించాను. ఆయన తన కుర్చీలోంచి (తుంటి అరిగిపోయాక కుర్చీయే ఆయన సింహాసనం), "మీ నాన్నని ఉల్లిపాయ తరగడంలో ఏముందో రాయమను" అన్నారు. కాబట్టి నువ్వు ఆ జవాబు రాయి, నేనీ జవాబు రాస్తాను.

టైర్ల గోడౌన్ వెనక రేకుల షెడ్డు మా విద్యాలయం. రబ్బరు వాసన, మధ్యలో గొలుసుకి వేలాడే సంచి, మూలన కుర్చీలో మాస్టారు, ఆయన చేతిలో స్పూను. రౌండు మొదలన్నా, ముగిసిందన్నా స్పూనుతో కుర్చీ కాలు మీద కొడతారు. మొదట్లో నేను గుద్దితే సంచి గోడదాకా వెళ్ళేది. నా బలానికి నేనే మురిసిపోయేదాన్ని. ఆయన ముఖం చిట్లించి, "కొట్టమంటే తోస్తావేంటమ్మా? అదేమన్నా మొరాయించిన బస్సా?" అనేవారు. ఊగితే తోసినట్టు, వణికితే కొట్టినట్టు. దెబ్బ తగిలీ తగలగానే చెయ్యి దవడ దగ్గరికి తిరిగి రావాలి. "పని చూసుకుని ఇంటికి రమ్మన్నాం, షికారు తిరగమనలేదు దాన్ని" అని ఆయన మాట.

తన్నులో ఇంకా యాతన. పాదంతో కాదు, మోకాలి కింద ముందెముకతో తగలాలి. నేలమీదున్న కాలు పూర్తిగా తిరగాలి.

"మడమ ఎటు చూస్తోంది?"

"గోడ వైపు, మాస్టారూ."

"గోడతో నీకేం పని? సంచి వైపు చూడమను."

అది సంచి వైపు చూడ్డానికి నాకు ఎండాకాలమంతా పట్టింది. చూసిన రోజు మాత్రం, నాన్నా, ఆ చప్పుడు నువ్వు విని ఉండాల్సింది. తడి దుప్పటిని బండకేసి బాదినట్టు! గోడౌన్లో టైర్లు దొర్లించేవాళ్ళు ఏం పగిలిందోనని లోపలికి తొంగిచూశారు. నేను చాలా వినయంగా తల వంచి నిలబడ్డాను. వినయం నటించడం కూడా నేర్చుకున్నాను ఆ రోజు.

నాకు జోడీగా ఉండే పొడుగుపిల్ల ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళిపోయిందని ముందే రాశాను కదా. ఆ తర్వాత షెడ్డులో పోరాడే వయసున్న ప్రాణిని నేనొక్కదాన్నే. మాస్టారు దెబ్బలు కాచే ప్యాడ్లు పట్టుకుని నిలబడలేరు. ఇంకో జిమ్‌కి వెళ్ళి జోడీ వెతుక్కుంటానంటే ఆయన ముఖం చిన్నబోయింది. "ఎదుటి మనిషి ఎందుకు? సంచి దగ్గర ఏ తప్పూ లేకుండా చేస్తే ఎవరి దగ్గరైనా చేస్తావు" అన్నారు. నేనూ నమ్మాను. నమ్మడం హాయిగా ఉంది. సంచి ఎప్పుడూ ఆలస్యంగా రాదు, ఒంట్లో బాలేదనదు, తిరిగి కొట్టదు.

ఎంత బాగా తన్నినా సంచి కొంతయినా ఊగుతుంది. అటు వెళ్తుంది, ఒక క్షణం ఆగినట్టుంటుంది, తిరిగి వస్తుంది. వచ్చేటప్పుడు సరిగ్గా ఎదురెళ్ళి కుడిచేత్తో గుద్దితే ఆ దెబ్బకి రెట్టింపు బరువు. నాకు అది ఎంత అలవాటైందంటే, కళ్ళు మూసుకున్నా ఎప్పుడొస్తుందో తెలిసిపోయేది. తన్నడం, చెయ్యి కొంచెం దించి భుజం వెనక్కి లాగి కాచుకోవడం, వచ్చాక గుద్దడం. మాస్టారు తల ఊపి స్పూనుతో తాళం వేసేవారు. ఇద్దరం సంగీతం కచేరీలో ఉన్నట్టుండేది.

ఇంకా ఏం రాయాలా అని చూస్తున్నాను. అత్తకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. నేను పనిచేసే కళ్ళజోళ్ళ కొట్టు బాగానే నడుస్తోంది. ఎదురింటివాళ్ళ కుక్క పిల్లల్ని పెట్టింది.

సరే. గంట కొట్టే వేళయింది. మూడో ప్రశ్న.

"పోటీ తేదీ మారదు కదా?" అని అడిగావు. మారింది నాన్నా. వెనక్కి కాదు, ముందుకి జరిగింది. వచ్చే నెల ఆ హాలు వేరేవాళ్ళకి ఇచ్చారట, అందుకని శిక్షణ కేంద్రం ఎంపిక పోటీలు తొందరగా కానిచ్చేస్తున్నామని కబురు పంపారు. అక్కడి ఫోను ఆఫీసువాళ్ళది, ప్రాణం మీదికి వస్తే తప్ప నిన్ను పిలవరని నువ్వే చెప్పావు. "ఇది ప్రాణం మీదికి వచ్చినట్టేనా అత్తా?" అంటే, "గెలిచాక రాద్దాం, సంతోషిస్తాడు" అంది. అందుకే ఆగాం. పోయిన ఆదివారం పోటీ అయిపోయింది. నేను ఓడిపోయాను. మొదటి రౌండే.

నువ్వు సెలవు మార్చుకున్నది జరిగిపోయిన పోటీ కోసం.

ఎలా ఓడిపోయానో చెప్పాలి, లేకపోతే ఏ రాకాసో నన్ను మింగిందనుకుంటావు. ఎదురుగా నిలబడ్డది నాకంటే పొట్టి. బేకరీలో పనిచేస్తుందట, అందరూ బేకరీ పిల్ల అనే పిలుస్తున్నారు. చేతుల మీద పెనం కాలిన మచ్చలు. నీ చేతులు గుర్తొచ్చాయి, కాసేపు కొట్టబుద్ధి కాలేదు. తర్వాత కొట్టాను. నా తన్ను తగిలింది నాన్నా. మడమ తిరిగింది, ముందెముక సరిగ్గా డొక్కలో పడింది, ఆ చప్పుడు కూడా వచ్చింది. ఆ పిల్ల వెనక్కి వెళ్ళింది. హాల్లో జనం "ఓ" అన్నారు.

నేను ఆగాను.

చెయ్యి కొంచెం దించి, భుజం వెనక్కి లాగి, తిరిగి వస్తుందని కాచుకున్నాను. ఎటు వెళ్ళిందో అటునుంచే, ఎప్పుడూ వచ్చే వేళకే వస్తుందని. ఆ పిల్లకి గొలుసు లేదని నాకు తట్టలేదు. పక్కనుంచి వచ్చింది, నేననుకున్న దానికంటే ముందే. దించిన చెయ్యి మీదుగా కంటి కింద ఒకటి, దవడ మీద ఒకటి ఇచ్చింది. ఆ తర్వాత నేను చూసినవి పైకప్పు దీపాలు. రిఫరీ పది లెక్కపెట్టేలోగా లేచాను కానీ, కాళ్ళు నా మాట వినే స్థితిలో లేవు. ఆపేశారు.

డాక్టరు నా కళ్ళముందు చెయ్యి పెట్టి, "వేళ్ళెన్ని?" అన్నాడు.

"మీవా, నావా?" అన్నాను.

"బాగానే ఉంది, తీసుకెళ్ళండి" అన్నాడు. ముందు వరసలో అత్త మొదట్నుంచీ చెంగు ముఖాన కప్పుకునే ఉంది. నన్ను కిందికి దించాక కూడా, "అయిపోయిందా? ఎవరు గెలిచారు?" అని పక్కావిణ్ణి అడుగుతోంది.

మాస్టారు బట్టలు మార్చుకునే గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు.

"తన్ను తగిలింది కదా. దేనికోసం ఆగావు?" అన్నారు.

"తిరిగి వస్తుందని మాస్టారూ."

"ఏది?"

చెప్పక్కర్లేకపోయింది. ఏడాదంతా ఆ కుర్చీలో కూర్చుని నాతోపాటు ఆయనా దాన్నే చూశారు కదా. చేతికర్రని రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నారు.

"తప్పు నాది" అన్నారు.

"కాదులెండి."

"నాదే. నువ్వు నోరు ముయ్యి."

నోరు ముయ్యమని ఆయన నన్ను వెయ్యిసార్లు అని ఉంటారు. ఎప్పుడూ మూయలేదు. ఆ రోజు మూశాను.

ఎంపికలో నెగ్గి బేకరీ పిల్ల శిక్షణ కేంద్రానికి వెళ్తోంది. హాస్టలు, భోజనం, నెలనెలా భత్యం, రోజూ ఎదురు నిలబడ్డానికి మనుషులు. వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతుందని నీకు తెలుసు. అందుకే కదా ఈసారి చూడాలని సెలవు మార్చుకున్నావు. అర్జీ పెట్టుకుంటే ఏమైనా సడలిస్తారా అని కూడా అడిగి చూశాను. పోటీల ఆఫీసులో ఆయన చాలా మంచివాడు, నవ్వుతూనే లేదన్నాడు.

మర్నాడు కొట్టుకి వెళ్తే ఓనరు నా కమిలిన కన్ను చూసి ఖాతాదారులు భయపడతారని ఖరీదైన నల్ల కళ్ళద్దాలు పెట్టించి కౌంటర్లో నిలబెట్టాడు. ధర చీటీ చెవి పక్కన వేలాడుతూనే ఉంది. అవే అద్దాలు ఇద్దరు కొనుక్కెళ్ళారు. నా క్రీడాజీవితం వల్ల లాభపడ్డ మొదటి వ్యక్తి ఆయనే.

సాయంత్రం షెడ్డుకి వెళ్ళాను. ఎందుకెళ్ళావని అడక్కు. కాళ్ళకి ఇంకో దారి తెలీదు. దవడ నొప్పికి మెల్లిగానే తన్నాను. సంచి అటు వెళ్ళగానే కాచుకోకుండా పక్కకి అడుగేశాను. అది వచ్చేసరికి అక్కడ నేను లేను. మళ్ళీ తన్ని, ఈసారి అది దూరంగా ఉండగానే వెంటపడి గుద్దాను. నాలుగు రోజుల్లో వచ్చేసింది నాన్నా. ఏడాదిలో రానిది. ఇప్పుడు నేనెక్కడా ఆగట్లేదు, చెయ్యి దిగట్లేదు, ఇంత చక్కగా ఎప్పుడూ కొట్టలేదు. "అదీ!" అన్నారు మాస్టారు, స్పూను ఎత్తి. ఎత్తిన స్పూను అలాగే ఉండిపోయింది. కుర్చీ కాలు మీద కొట్టలేదు. కాసేపటికి అటు తిరిగి కిటికీలోంచి టైర్లని చూస్తూ కూర్చున్నారు.

నిన్న షెడ్డు ఖాళీ చేసేశాం. గోడౌన్‌వాళ్ళకి చోటు కావాలట, ఉన్న ఒక్క శిష్యురాలి కోసం ఉంచమని అడగడానికి ఆయనకి మనసు రాలేదు. కుర్చీ ఆయన కూతురు తీసుకెళ్ళింది. సంచి నాకిచ్చారు. మన రేకుల కప్పు దాన్ని మోయలేదని అత్త చూరు వంక చూడగానే తేల్చేసింది. ముందుగదిలో గోడవారగా పడుకోబెట్టాం. వచ్చినవాళ్ళంతా గొంతు తగ్గించి "ఎవరికి బాలేదు?" అని అడుగుతున్నారు. అత్త దాని మీద కూర్చుని కాజాలు కుడుతోంది. మెత్తగా ఉందట.

నువ్వు సెలవు వదులుకోకు. మళ్ళీ మార్చుకోవడం కుదరదని రాశావు, అయినా మార్చే ప్రయత్నం చేస్తావని నాకు తెలుసు. చూడ్డానికి ఇక్కడేమీ లేదు. అయినా రా.

ఒక్కటే కోరిక. వచ్చాక, "ఏం ఫర్వాలేదమ్మా" అనకు. అత్త అంది. డాక్టరు అన్నాడు. ఓనరు, ఆఫీసాయన, చివరికి బేకరీ పిల్ల కూడా నా భుజం తట్టి అదే అంది. అందరికీ ఫర్వాలేదు. నువ్వూ అనేస్తే ఈ ఇంట్లో దీని గురించి బాధపడేదాన్ని నేనొక్కదాన్నే మిగులుతాను. అంత పని ఒక్కదాన్నీ చేయలేను నాన్నా. ఆ సెలవులో సగం నాతో కూర్చుని బాధపడు. మిగతా సగం నిద్రపో.

ఇట్లు,
జోకులన్నీ అయిపోయిన
నీ కూతురు