మడమ దగ్గర తెగిన వాక్యం

షిమెన్‌గౌ,
కొర్రకోతలు ముగిసిన మూడో రోజు.

చిరంజీవి దెషన్‌ను అమ్మ మనసారా దీవించి రాసేది. ఇక్కడ నేను, మేక, ఆరు కోళ్ళు క్షేమం. ఏడోది నక్క పాలయింది. అంతకు మించి దిగులు పడాల్సిందేమీ లేదు. నువ్వు, కోడలు యావ్‌చిన్, చంటిది షావోమన్ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి అక్షరాలు కూడబలుక్కోవడానికి, రెండోసారి సంగతులు తెలుసుకోవడానికి. మూడోసారి ఎందుకు చదివానో చివర్లో చెబుతాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నావు. మెట్లెక్కేటప్పుడు తిట్టుకుంటాయి, దిగేటప్పుడు ఊరుకుంటాయి. బొగ్గు రెండు బండ్లు తోలించాను, చలికాలానికి సరిపోతుంది. కోడలికి పాలు చాలడం లేదన్నావు. కొర్ర గంజిలో ఎర్ర రేగుపళ్ళు వేసి బాగా ఉడికించి, రోజూ పొద్దున్నే తాగమను. రేగుపళ్ళు మూట కట్టి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. అన్నీ నువ్వే తినెయ్యకు.

ఇక మీ నాన్న పుస్తకం సంగతి. పదిహేనో తేదీన అచ్చుకు వెళుతుందని, నీ ముందుమాట చూసి సరేనని రాయమని అన్నావు. చదువు మీద, పుస్తకాల మీద మనవాళ్ళు వాడే నాలుగక్షరాల నానుడులన్నీ పోగుచేసి, ఒక్కోదాని వెనకున్న కథ రాసుకున్నాడు మీ నాన్న. బడి వదలగానే ఇంటికొచ్చి, దీపం ముందు కూర్చుని, ఆరేళ్ళు రాశాడు. ఆ ముప్పై ఏడు కాగితాలనూ నేను గుడ్డజోళ్ళకు కొలతలుగా కత్తిరించిన సంగతి నీకు తెలుసు. మా ఆడవాళ్ళం కొలతలు ఇచ్చిపుచ్చుకుంటాం కాబట్టి అవి ఊరంతా తిరిగాయి. మీ నాన్న పోయాక, చలికాలపు బడిలో నేను నాలుగక్షరాలు నేర్చుకున్నాక, ఇంటింటికీ వెళ్ళి అడిగి తెచ్చుకున్నాను.

పోయిన నెల ముప్పై రెండోది దొరికింది. హువో అక్క తన కుట్టుబుట్టలోంచి తీసి ఇచ్చింది.

"ఏమే, ఇన్నాళ్ళూ మాస్టారి రాత మీద మా మామగారి పాదం పెట్టించావా! ఆయన బతికున్నన్నాళ్ళూ ఒక్క అక్షరం నేర్వలేదే!" అంది.

"పాదాలైనా నేర్చుకున్నాయేమో, అందుకే ఎప్పుడూ బడి వైపే పోయేవాడు" అన్నాను.

"బడి వైపు కాదే తల్లీ, బడి పక్కన సారా కొట్టు వైపు!"

ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ కాగితం మీద మిణుగురుల కథ ఉంది. దీపానికి నూనె కొనలేని ఒకడు పల్చటి సంచీలో మిణుగురులను నింపి ఆ వెలుగులో చదివాడట, ఇంకొకడు మంచు వెలుగులో చదివాడట. ఇప్పుడు చదువుతుంటే నాకొకటే అనుమానం. ఆ మంచులోంచి లోపలికొచ్చాక వాడికి వేడి గంజి ఎవరు పెట్టారు? మీ నాన్నను అడుగుదామంటే మనిషి లేడు.

సరే, చెప్పాల్సింది చెబుతాను. నీ ముందుమాటలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఊరూరా పుస్తకాలు తగలబెట్టిన ఆ ఏడాది, అక్షరం తెలియని మా అమ్మ ఈ రాతను జోళ్ళ కొలతలుగా కత్తిరించి, కుట్టుబుట్టలో దాచి కాపాడింది" అని రాశావు. బాగా రాశావు. కానీ అది నిజం కాదు నాయనా.

ఆ ఏడాది చేతులకు ఎర్ర పట్టీలు కట్టుకున్న పిల్లలు పుస్తకాల కోసం ఇల్లు సోదా చేసిన మాట నిజం. ఒక పిల్ల నా కుట్టుబుట్ట తిరగేసి "ఇవేంటి?" అంటే "జోళ్ళ కొలతలమ్మా" అన్న మాటా నిజం. అయితే అప్పటికి ఆ కాగితాలు కత్తిరించి రెండేళ్ళయింది. కత్తిరించిన నాటికి నీకు నాలుగేళ్ళు. నీకు గుర్తుండదు.

ఆ వసంతంలో మా పుట్టింటి ఊరి నుంచి చీపుర్లమ్మే అతను వచ్చాడు. నన్ను గడపలో చూసి చీపుర్ల మోపు కిందికి దించాడు. "ఇక్కడే ఉన్నావేంటమ్మా? మీ అమ్మను మట్టిచేసి మూడు రోజులైంది. మీ అన్న ఉత్తరం రాయించాడే, అందలేదా?" అన్నాడు.

ఇల్లంతా వెతికాను. మీ నాన్న రాతపుస్తకంలో దొరికింది. ఎక్కడిదాకా రాశాడో గుర్తు కోసం కాగితాల మధ్య పెట్టుకున్నాడు. చివర మా అన్న ఎర్ర వేలిముద్ర ఉంటే ఆనవాలు పట్టాను. తర్వాత తెలిసింది, ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైందని. ఆ వేళ ఏదో రాసుకుంటూ, తర్వాత చదివి వినిపిద్దామని అందులో పెట్టాడు, మరిచిపోయాడు. ఆ కాగితాన్ని ఎవరి పాదంగా కత్తిరించానో గుర్తుంది కాబట్టి, అది ఏ కథో ఇప్పుడు చదువొచ్చాక తెలిసింది. పక్కింటి దీపం వెలుగు కోసం గోడకు చిల్లు పెట్టుకుని చదువుకున్న కుర్రాడి కథ. నేను గోడకు అవతల కూడా కాదురా, అదే గదిలో ఉన్నాను. అదే దీపం కింద నీ చొక్కాలు కుట్టాను. పెళ్ళైన కొత్తలో "నాకూ నాలుగక్షరాలు నేర్పండి" అని అడిగితే, "కోతలు అవనీ" అన్నాడు. ఎన్ని కోతలైనా అవి రానే లేదు.

కత్తెర తీసుకున్నాను. దాచడానికి కాదు, కాపాడటానికి కాదు. ఒళ్ళు మండి కత్తిరించాను. ఊరికే చింపితే నా కసి తీరదనిపించింది. నీ కాలు, ఆయన కాలు, నా కాలు, ఇరుగుపొరుగుల కాళ్ళు గుర్తుతెచ్చుకుంటూ, ఒక్కో కాగితం మీద అరికాలు గీసి కత్తిరించాను. కాళ్ళ కింద పడి ఉండాలనుకున్నాను ఆ రాత.

మీ నాన్న బడి నుంచి వచ్చాడు. చూశాడు. నేను మా అన్న ఉత్తరం ఆయన చేతికిచ్చాను. నిలబడే చదివాడు, పైకి, నాకు వినబడేలా. నాలుగు వాక్యాలు. చివరి వాక్యం, "అమ్మ నీ పేరే కలవరిస్తోంది, తొందరగా రా."

తర్వాత వంగి, నేల మీద పడ్డ కాగితం పీలికలన్నీ ఏరి పొయ్యిలో వేశాడు. కొలతలు మాత్రం నా బుట్టలోనే పెట్టాడు. మర్నాడు నిన్ను భుజాన వేసుకుని, నాతోపాటు మా ఊరిదాకా నడిచాడు. సమాధి ముందు నాకంటే ఎక్కువ ఏడ్చాడు. క్షమించమని అడగలేదు, నేనూ క్షమించానని చెప్పలేదు. ఆ తర్వాత ఆయన ఒక్క కథ కూడా రాయలేదు.

గాలి మారాక, పుస్తకాల పేరెత్తడానికి భయం పోయాక, బావి దగ్గర పదిమందిలో "మా ఆవిడ బుర్ర చూశారా? నా రాతను అలా కాపాడింది!" అని మొదట అన్నది మీ నాన్నే. నువ్వూ అక్కడే ఉన్నావు. నేను చేదతాడు పట్టుకుని బావిలోకి చూస్తూ ఉండిపోయాను. కాదు అనలేదు. ఇంటికొచ్చాక ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ చలికాలమే పోయాడు. ఊరు నన్ను మెచ్చుకున్నప్పుడల్లా నాకు దబ్బనం గుచ్చుకున్నట్టే ఉండేది, అయినా నోరు విప్పలేదు. సిగ్గేసింది. మీ నాన్న నాకోసం మోసిన అబద్ధాన్ని నువ్వు అచ్చు వేయకు. పదిహేను లోపు ఆ వాక్యం కొట్టెయ్యి. కోపంతో కత్తిరించిందని రాయి. ఎందుకు కోపమో కూడా రాయి, మీ నాన్న మీద గౌరవం తగ్గదు.

ఇక ఆ మూడోసారి చదవడం సంగతి. ఈ నిజం నీకు రాయగలనా అని నన్ను నేను అడుగుతూ చదివాను. రాశాను.

ఇందులో ఒక కొలత కాగితం పెట్టాను. ఇన్నాళ్ళూ నీకు పంపకుండా దాచుకున్నది. నీ నాలుగేళ్ళ పాదం. ఎవరి దగ్గర ఎన్ని పుస్తకాలున్నాయో గొప్పగా చెప్పడానికి వాడే మాట ఉంది కదా, ఇల్లు దూలాల దాకా నిండుతుంది, మోస్తే ఎద్దులకు చెమటలు పడతాయి అని. ఆ కథ అందులో ఉంది. వేళ్ళ వైపు నుంచి చదువుకుంటూ వస్తే, మడమ దగ్గర మీ నాన్న రాత ఇలా ఉంది: "ఎద్దుకు నిజంగా చెమట పడుతుందా అని నాకు అనుమానం వచ్చింది. పశువుల సంగతి నా భార్యకు నాకంటే బాగా తెలుసు. అడిగాను. ఆమె అన్నది", అంతే. ఆ తర్వాత నా కత్తెర గీత. మిగతాది ఆయన చేతుల్తోనే పొయ్యిలో పడింది.

నన్ను అడిగిన సాయంత్రం నాకు గుర్తుంది. మేకకు మేత వేస్తున్నాను. ఏదో పరధ్యానంలో అడుగుతున్నాడనుకున్నాను, చెప్పి ఊరుకున్నాను. రాసుకున్నాడని ఈ పాదం చదివేదాకా తెలియదు. ఇది దొరికిన రోజు పొయ్యి వెలిగించలేదు, ఏమీ తినలేదు.

తెగిపోయిన ముక్కను ఈ ఉత్తరం అడుగున నా చేత్తో రాశాను. మడమ దగ్గర అది అతికించి అచ్చు వెయ్యి. అక్షరాలు వంకరగా ఉన్నాయని దిద్దకు.

ఇట్లు,
నీ తప్పొప్పులన్నీ కడుపులో పెట్టుకుని, తన తప్పు ఇన్నాళ్ళకు నీ చేతిలో పెడుతున్న
మీ అమ్మ.

"ఎద్దుకు ఒంటి మీద పట్టదండీ, ముక్కు మీద పడుతుంది. ముక్కు తడిగా ఉంటే బాగున్నట్టు. ఆరిపోతే దానికి లోపల ఏదో బాధ ఉన్నట్టు. అది చెప్పలేదు కాబట్టి మనమే చూసుకోవాలి."