యాదగిరి నన్నడిగిన ప్రశ్న

సికింద్రాబాద్, 1948
క్రిస్మస్ ముందు ఆదివారం, రాత్రి

చర్చి తరఫున ఖైదీలకు రొట్టెలు పంచడానికి వెళ్లి, జైల్లో మా వీధి యాదగిరిని కలిశాను. పోలీస్ యాక్షన్ జరిగిన వారంలో గుంపుతో కలిసి దర్జీ ఖాదర్ దుకాణానికి నిప్పు పెట్టినవాడు. ఖాదర్ లోపలే ఉండిపోయాడు. యాదగిరికి కాజాలు కుట్టడం నేర్పింది ఆయనే.

నేరస్థుల మనస్తత్వం మీద పరీక్షకు చదువుతున్నాను కదా, పుస్తకంలోని కారణాలన్నీ వరసగా అడిగాను. మీ నాన్న తాగేవాడా? చిన్నప్పుడు కొట్టేవారా? ఖాదర్ మీద కోపమా?

“ఏం లేదు సారూ. ఉస్తాద్ మంచోడు. పండుగకు నాకు అంగీ సుత కుట్టిచ్చిండు.”

“మరెందుకు వెళ్లావు?”

“అందరు పోతుండ్రు, నేను సుత పోయిన.” కాసేపు తన వేళ్లకేసి చూసుకున్నాడు. “మీరెందుకు రాలే సారూ? మీ ఇంటి ముంగట నిలబడి సుత పిలిచిండ్రు గద.”

చదువుకున్నవాణ్ణని చెబుదామనుకున్నాను. దేవుడంటే భయమని చెబుదామనుకున్నాను. రొట్టె వాడి చేతిలో పెట్టి బయటికి వచ్చేశాను.

ఇప్పుడు పుస్తకం తెరిస్తే ఒక్క వాక్యమూ నమ్మబుద్ధి కావడం లేదు. వాళ్లు పిలిచిన రోజు నాకు జ్వరం, లేవలేకపోయాను. ఎంత వెతికినా అంతకు మించి కారణమేదీ దొరకడం లేదు.