పోచమ్మ వద్దన్న మేకపోతు

కురవి

అన్నా,

ఫోన్‌లో చెబితే అరుస్తావని ఉత్తరం రాస్తున్నాను. భూపాలపల్లి గనిలో నీకు ప్రమోషన్ వస్తే ఇస్తానని పోచమ్మకు మొక్కిన మేకపోతు ఇంకా బతికే ఉంది.

నేను ఆన్‌లైన్‌లో చైనా కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను కదా. మొన్న పాఠంలో గోట్ అనే మాట వచ్చింది. అంటే మేక అని మన పోతునే చూపించాను. ఇప్పటి కుర్రకారు అందరినీ మించిన మొనగాణ్ని కూడా గోట్ అంటారని చెప్పాను. ఇక చూడు, రోజూ మొనగాడి ముఖం చూపిస్తేనే పాఠం వింటామంటున్నారు. లిన్ అనే పిల్లయితే దానికి పాట కూడా కట్టింది.

ఆదివారం గుడి ముందు దాని మీద నీళ్లు పోశాం. చన్నీళ్లకు ఒళ్లు విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు కదా. ఎన్ని చెంబులు పోసినా అది కళ్లు మూసుకుని హాయిగా నిలబడింది.

"తల్లికి ఇష్టం లేనట్టున్నది బిడ్డా, ఇడిసిపెట్టుండ్రి. పెద్దోడికి నేను జెప్త," అన్నది అవ్వ.

నువ్వొచ్చి కొబ్బరికాయ కొట్టు, చాలు. నీళ్లు ఇంటి నుంచి నేనే తీసుకెళ్లాను. అవి చల్లగానే ఉన్నాయా అని మాత్రం అడగకు.

నీ చెల్లె