పన్నెండు దుంగల లెక్క

3 ఫిబ్రవరి 1964, సోమవారం. పొద్దున ఆరు గంటలు.

ఈ రోజు నుంచి లెక్క రాస్తాను. రోజూ. తప్పకుండా!

కారణం తమ్ముడు మల్లికార్జున్. నిన్న కోదాడ బస్సు దిగి, కాళ్ళు కూడా కడుక్కోకుండా మొదలుపెట్టాడు. చేను ఉమ్మడి. చేలో తుమ్మచెట్లు ఉమ్మడి. కొట్టించి సూర్యాపేట కోత మిల్లుకు పంపేది నేను, సగం డబ్బు అతనిది. పోయినేడు ఇరవై దుంగలు తక్కువ వచ్చాయట.

"మంగ్త్యా దారిలో అమ్ముకుంటున్నాడన్నా. వాణ్ణి మాన్పించు. కోదాడ నుంచి నేను లారీ పంపిస్తాను."

మంగ్త్యా పద్దెనిమిదేళ్ళుగా నా కట్టె తోలుతున్నాడు. బండి అతనిది, ఎడ్లు అతనివి. ఒక్కసారి పోయొస్తే ఆరు రూపాయల కిరాయి. అది లేకపోతే ఎండాకాలం ఎడ్లకు గడ్డి లేదు, తండాలో అతని ఇంట్లో జొన్నలు లేవు.

"ఈ ఏడు ఎనిమిది బండ్లు. ఒక్కొక్క దుంగ రాస్త," అన్నాను. "తేడా వస్తే నీ లారీ తోలు. రాకుంటే మల్ల వాని పేరెత్తొద్దు."

"నువ్వు రాస్తావా?" అని నవ్వాడు.

నవ్వు! అక్షరాలు నేను నిజాం కాలపు సంఘం రోజుల్లో జైల్లో నేర్చుకున్నాను. ఒత్తులు నేర్పేలోపే వదిలేశారు. అవి తర్వాత సొంతంగా పట్టాను. రాయగలను. చదవడమే కొంచెం బరువు. రాసినవాడికి చదివే పనేముంది?

ఈ డైరీ మిల్లు రాజమౌళి సేటు ఊరికే ఇచ్చింది. ముందు పేజీల్లో జరిగింది రాయాలి. వెనక పేజీల్లో లెక్క.

నా కట్టుబాట్లు:
1. బండి కదిలే ముందు దుంగలు లెక్కపెట్టాలి.
2. మిల్లు చిట్టీ రాగానే పక్కన రాయాలి.
3. ఆ రోజుది ఆ రోజే.
4. ఎవరి మాటా వినను.

నా భార్య కనకమ్మతో చెప్పాను. "నలభయ్యేండ్ల సంది నా మాట ఇనలే. పుస్తకం మాట ఇంటవా?" అంది. ఆడవాళ్ళకు లెక్కలంటే పడదు.

4, మంగళవారం. రాత్రి.

మొదటి బండి! పన్నెండు దుంగలు. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ పన్నెండే!

మంగ్త్యా ఎడ్లు కట్టి నిలబడ్డాడు. "ఇంకోపాలి లెక్కబెడ్తే ఈడ్నే పొద్దు గూకుతది పటేలా."

ఊరి చివర లింగమ్మ ఎదురొచ్చింది. ముసలిది, ఒంటరిది. ఇంటి కప్పు కింద గుంజ విరిగిందట. ఒక దుంగ దింపించాను. సన్నదే. దాన్ని వెనక పేజీలో రాయను. చేత్తో ఇచ్చినదాన్ని లెక్కలో రాస్తే అప్పు అయిపోతుందని మా నాయన అనేవాడు. నాకు గుర్తుంటుంది కదా.

సాయంత్రం చిట్టీ వచ్చింది. పదకొండు దుంగలు, దుంగకు ఏడు చొప్పున డెబ్భై ఏడు రూపాయలు. రాశాను. పేజీ ఎంత అందంగా ఉందో! కనకమ్మకు చూపించాను.

"కోడి గీకినట్లున్నది," అంది.

5, బుధవారం.

రెండో బండి. ఎక్కినవి 12. వడ్ల శంకర్ నాగలికి కట్టె కావాలన్నాడు. ఊరందరి నాగళ్ళూ చేసేది అతనే, కాదంటే ఎట్లా? దిగినవి 11. రూపాయలు 77.

ఇది చాలా తేలిక. ఊళ్ళో అందరూ ఎందుకు రాయరో!

7, శుక్రవారం.

నిన్న బండి లేదు, కాబట్టి రాత లేదు. కట్టుబాటు తప్పినట్టు కాదు.

మూడో బండి. 12. బడి ముందు శాంతమ్మ పంతులమ్మ ఆపింది. నల్లబోర్డు నిలబడటం లేదట, స్టాండు కావాలట. చదువు విషయం! ఒకటి దింపాం. అరకోసు పోయామో లేదో, మత్తయ్య బండి ఇరుసు విరిగి నడిరోడ్డు మీద కూర్చున్నాడు. అతన్ని అక్కడ వదిలేస్తే మన బండి ఎట్లా పోతుంది? ఇంకొకటి.

చిట్టీ: 10. రూపాయలు 70.

పదేనా? హూఁ. ఆ మిల్లులో లెక్కపెట్టేవాడెవడు?

8, శనివారం. రాసింది మాత్రం ఆదివారం.

నాలుగో బండితో నేనే సూర్యాపేట దాకా వెళ్ళాను. మిల్లు సంగతి తేల్చాలని.

దారిలో ఒక ఊళ్ళో పెళ్ళి. పందిరికి గుంజ ఒకటి తక్కువైందని బండికి అడ్డం నిలబడ్డారు. ఎవరి పెళ్ళో తెలియదు. పప్పు బాగుంది.

మిల్లులో రాజమౌళి సేటు గద్దె మీద కూర్చుని ఉన్నాడు. అందరూ వినేలా అడిగాను. "సేటూ, నా దుంగలు తింటున్నవా?"

"తుమ్మకట్టె తినేటందుకు నాకు పండ్లేవి అంజన్నా?" అన్నాడు. "నువ్వే లెక్కబెట్టుకో. నేను చిట్టీ రాస్త."

దించుతుంటే పక్కన నిలబడి లెక్కపెట్టాను. పదకొండు. అతను కూడా పదకొండే రాశాడు. చాయ్ తాగించాడు. సేటు మంచివాడే. 77.

10, సోమవారం.

పెన్సిల్ ముక్కు విరిగింది. కొడవలితో చెక్కాను. పెన్సిల్ సగం పోయింది, వేలు కొంచెం పోయింది. అందుకే చిన్నగా రాస్తున్నాను.

ఐదో బండి. 12. వాగు ఇసుకలో ఒక లారీ దిగబడింది. డ్రైవర్ దండం పెట్టాడు. చక్రాల కింద రెండు దుంగలు వేయించాను. లారీ వెళ్ళిపోయింది, దుంగలు ఇసుకలోకి వెళ్ళిపోయాయి. తమ్ముడికి చెప్పాలి, లారీలు ఇంతే అని!

చిట్టీ 10. 70.

11, మంగళవారం.

ఆరో బండి. ఊరు దాటకముందే చావు కబురు. పాడి కట్టారు, కాల్చడానికి కట్టె లేదు. మూడు ఇచ్చాను. చావింట్లో డైరీ తీయలేం.

9. రూపాయలు అరవై మూడు. ఇంతే రాస్తాను.

12, బుధవారం.

తమ్ముడు ఆదివారం వస్తున్నాడని కార్డు వచ్చింది. వెనక పేజీలు తీసి చింతగింజలతో కూడిక చేశాను. రెండు గంటలు పట్టింది. ఎక్కినవి డెబ్భై రెండు. దిగినవి అరవై రెండు. రూపాయలు నాలుగు వందల ముప్పై నాలుగు.

పది తక్కువ!

ఆలోచించాను. లింగమ్మకు ఒకటి. చావుకు మూడు. అవి నాకు తెలుసు. మరి ఆరు? నలభై రెండు రూపాయల కట్టె ఎక్కడికి పోయింది?

"ఇంకెవలకన్న ఇచ్చినవేమో, జర యాది జేస్కో," అంది కనకమ్మ.

"నేనేమన్న దానకర్ణుణ్ణా?"

సేటు కళ్ళముందే సరిగ్గా రాశాడు. ఇక మిగిలింది దారి. దారిలో బండి తోలేవాడు ఒక్కడే. ఇట్లా రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ లెక్క లెక్కే.

13, గురువారం.

తండాకు వెళ్ళాను. మంగ్త్యా ఏడో బండికి ఎడ్లు కడుతున్నాడు. చుట్టూ జనం. చాటుకు పిలిచి అడగాల్సింది. అడగలేదు.

"ఆరు దుంగలు ఏమైనయ్ రా?"

"ఏం దుంగలు?"

"ఎక్కినయ్, దిగలే. తొవ్వల ఏమైనయ్?"

మంగ్త్యా నా ముఖం చూశాడు. కట్టిన కాడి విప్పాడు. ఎడ్లను గాటికి తోలాడు.

"పద్దెనిమిదేండ్లల నువ్వు గిట్ల అడగలే పటేలా. నన్నెందుకు అడుగుతవ్, నీ పుస్తకాన్నే అడుగు."

పుస్తకం మాట్లాడుతుందా? పొగరు!

ఎండలో నడిచి ఇంటికి వచ్చాను.

14, శుక్రవారం. రాసేదేమీ లేదు.

15, శనివారం. అదే.

లెక్కలు మనకు అచ్చిరావు. డైరీని పొయ్యిలో పెట్టమని కనకమ్మకు ఇచ్చాను. "రేపు మరిది సూసినంక పెడ్త," అంది.

16, ఆదివారం.

మల్లికార్జున్ వచ్చాడు. వెనక పేజీలు చూశాడు. పది తేడా అనగానే చంకలు గుద్దుకున్నాడు. "చెప్పానా? రేపే లారీ పంపిస్తాను." ఆ మాటతోనే డైరీ ముందు వైపు తిప్పాడు.

"ఇదేంటన్నా? ఇది కూడా నువ్వే రాశావా?"

గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. నేను రాసినవే, పరాయి గొంతులో విన్నాను. లింగమ్మ. కనకమ్మ ఒక వేలు మడిచింది. వడ్ల శంకర్. ఇంకో వేలు. పంతులమ్మ. మత్తయ్య. పందిరి గుంజ దగ్గర తమ్ముడి గొంతు వణికింది, నవ్వాపుకోలేక. లారీ దగ్గరికి వచ్చేసరికి డైరీ కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. చావు సంగతి మాత్రం మెల్లగా చదివాడు.

కనకమ్మ చేతులు రెండూ చూపించింది. పది వేళ్ళూ మడిచి ఉన్నాయి.

"లారీకి ఇచ్చింది నేనెట్ల లెక్కేస్త? అది ఇచ్చినట్లా?" అన్నాను.

"దొంగ దొరికాడుగా అన్నా. మాన్పించాల్సింది నిన్ను," అన్నాడు తమ్ముడు.

నేను నవ్వలేదు. అతని సగం ముప్పై ఐదు రూపాయలు నా వాటాలో కోసుకోమన్నాను. ఇక నుంచి ఇచ్చేవన్నీ నా సగంలోనే.

"సరే. మిగతా రెండు బండ్లూ మంగ్త్యానే తోలనీ." చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు. "వస్తే."

17, సోమవారం.

తండాకు వెళ్ళాను. మంగ్త్యా భార్య మంగ్లీ వాకిట్లోనే ఎదురైంది. "రా పటేలా. మా గుడిసెకు తొమ్మిది గుంజలున్నయ్. లెక్కబెట్టుకో, మల్ల తగ్గినయంటవ్."

మంగ్త్యా లోపలి నుంచి వచ్చాడు. కూర్చోమనలేదు.

"ఎడ్లు గట్టు," అన్నాను.

"దొంగన్నది తండంత ఇన్నది. కాదన్నది గూడ ఇనాలె గద."

న్యాయమే. కానీ తప్పయిందనే మాట నా నోట ఎప్పుడూ రాలేదు. డైరీ తీశాను. అందరినీ రమ్మన్నాను. చదివాను.

లిం. గ. మ్మ. కు. ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి, ఒత్తు వచ్చినచోట వేలు పెట్టి. చెమట పట్టింది. ఒకరు మజ్జిగ తెచ్చారు. పెళ్ళి పప్పు దగ్గర ముసలివాళ్ళు నవ్వారు.

"లారీకి గూడ దానం జేసినవా!" అని మంగ్లీ కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను ఆగలేదు. పదమూడో తేదీ కూడా చదివాను. 'చాటుకు పిలిచి అడగాల్సింది' అన్నది రెండుసార్లు చదివాను. మొదటిసారి వెనకవాళ్ళకు వినపడలేదు.

"ఇగ సాలు పటేలా," అన్నాడు మంగ్త్యా. "నువ్వు సదువు ఆపితే ఎడ్లకు నీళ్ళు తాపుత. పొద్దుగాల బండి గట్టాలె."

18, మంగళవారం.

ఈ రోజు నుంచి కొత్త లెక్క. మూడు గళ్ళు: ఎక్కింది, ఇచ్చింది, దిగింది. ఎంత చిన్నదైనా సరే, ఎవరికైనా సరే, రాయడమే. తప్పకుండా!

ఏడో బండి. 12. పక్కనే నడిచాను, డైరీ చేత్తో పట్టుకుని.

ఒక్కరూ అడగలేదు. పటేలు కట్టె ఇస్తే పుస్తకానికి ఎక్కిస్తాడట అని ఊరంతా తెలిసిపోయింది. ఎదురొచ్చినవాళ్ళు దండం పెట్టి పక్క సందులోకి తిరిగారు. చివరి గుడిసె ముందు ఒకతను విరిగిన మంచం కోడు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. డైరీని చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

చిట్టీ: 12. రూపాయలు ఎనభై నాలుగు. మొదటిసారి లెక్క సరిపోయింది. సేటు లేచి నిలబడి మరీ ఇచ్చాడు.

తిరుగుదారిలో మంగ్త్యా అన్నాడు. "సరిపాయె గద. లారీ రాదు. ముఖం గట్ల వెట్టినవేంది?"

డైరీ మూసి చంకలో పెట్టుకున్నాను. తర్వాత చెప్పాను. "రేపు ఎనిమిదోది. పదమూడు ఎక్కియ్. పన్నెండు రాస్త. పదమూడోది నా సగంలది."

"మరి లెక్క?"

"లెక్క పన్నెండు. ఎక్కాలె, దిగాలె. ఒక్కటి తప్పొద్దు. నీ ఎడ్లు మోస్తయా, అది జెప్పు."

మంగ్త్యా ఎడ్లను అదిలించాడు.

"మంచం కోడు గంత బరువేం ఉంటది పటేలా?" అన్నాడు.