బాబా కారుకు పట్టిన చిలుము

అల్ హైల్, ఒమాన్
జులై 2007

అన్న వీరబ్రహ్మానికి చెల్లెలు మల్లీశ్వరి నమస్కారాలు.

ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. రాజంపేటలో నువ్వు, వదిన, మీ నీడన పెరుగుతున్న నా కూతురు అంజలి చల్లగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. పాపకు దగ్గు తగ్గిందని రాసిన ముక్క మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. రాత్రిపూట ఫ్యాను కింద పడుకోనివ్వద్దని వదినకు చెప్పు.

నీ ఉత్తరం నిండా కారు గురించే అడిగావు. బ్యాటరీల కొట్టు పెట్టుకున్నవాడివి, ఇంకేం అడుగుతావు! నేను పనిచేసే ఇంటి పెద్దాయన రషీద్ బాబా కారు నీకంటే వయసులో పెద్దదని చెప్పాను కదా. గుండ్రటి లైట్లు, స్టీరింగు పక్కనే గేరు. సముద్రం దగ్గర కావడంతో ఇక్కడి ఉప్పుగాలికి తలుపు గొళ్ళేలే తుప్పు పడతాయి, ఇక కారు తీగలెంత? షుగరు వల్ల చూపు మందగించి బాబా బండి తీయడం మానేశాడు. అయినా ప్రతి శుక్రవారం షెడ్డులో కూర్చుని ఇంజిను స్టార్ట్ చేసి ఆ చప్పుడు వింటాడు. వేసవి మొదట్లో ఒకరోజు తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ టెర్మినళ్ళకు పచ్చగా చిలుము. నీ కొట్లో చిన్నప్పటినుంచీ చూసిందే కాబట్టి నీకు రాశాను.

నువ్వు చెప్పినట్టే మైనస్ తీగ ముందు విప్పాను, ప్లస్ తర్వాత. వంటసోడా కలిపిన నీళ్ళు పోసి పాత పళ్ళబ్రష్షుతో రుద్దితే బుసబుసమని నురగ వచ్చింది. ఆరాక ఉప్పుకాగితం పెట్టి మెరిసేదాకా గీకాను. వాజెలిన్ ముందు పూశావా, తర్వాతా అని అడిగావు. తీగ బిగించాకే పూశాను అన్నా. ముందే పూస్తే లోహం లోహానికి సరిగ్గా తగలదని కొట్లో నువ్వు అందరినీ కసురుకునేవాడివి కదా. ఫ్యూజుల చివరలు కూడా ఒక్కొక్కటే తీసి రుద్ది పెట్టాను. బాబా పక్కనే స్టూలు వేసుకుని, కనబడకపోయినా, ఏం చేస్తున్నానో అడిగి తెలుసుకున్నాడు. పోయిన నెల తుపాను వచ్చేదాకా చిలుము మళ్ళీ కనబడలేదు.

ఫోనులో నా గొంతు ఎందుకు వణికిందనీ అడిగావు. దానికి జవాబు రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. తుపాను రోజు మేమంతా మేడమీద ఉన్నామని, ఏమీ కాలేదని చెప్పాను. ఈ ఇంటికి అసలు మేడే లేదు, అన్నా.

ఆరోజు పొద్దున తుపాను వస్తోందని బాబా కొడుకు అబ్దుల్ అజీజ్ తన భార్యను, పిల్లల్ని కొత్త బండిలో ఎక్కించుకుని అత్తగారింటికి బయలుదేరాడు. బండిలో చోటు లేదు. "మీ ఇద్దరి కోసం వెంటనే తిరిగొస్తాను" అన్నాడు. మధ్యలో వాది ఉంది. వాది అంటే మన వంకలాంటిదే, ఏడాది పొడుగునా ఎండిపోయి ఉంటుంది. ఆ రోజు అది పొంగింది. అతను అటే ఉండిపోయాడు.

ఫోన్లు పోయాయి. కరెంటు పోయింది. గేటు కిందినుంచి బురదనీళ్ళు లోపలికి పాకాయి. గాలికి పక్కింటి రేకు లేచివచ్చి మా గోడకు కొట్టుకుంటూ ఉంది. బాబా మంచం కాళ్ళు మునిగాయి. ఆయన్ను మోసుకుపోయే బలం నాకు లేదు. ఎవరినన్నా పిలుద్దామంటే వీధిలో మనిషి లేడు.

"గాడీ నికాలో, బేటీ. బండి తియ్యి" అన్నాడు బాబా.

"ఎవరు నడుపుతారు బాబా?"

"నువ్వే. నాకు రోడ్డు కనబడదు. దారి నేను చెప్తా. ఇటువైపు గుట్ట మీద బడి ఉంది, అక్కడికి పోదాం."

నిజం చెప్తున్నాను, అన్నా. కారు నేనే నడిపాను. లైసెన్సు లేని పనిమనిషిని, పరాయి దేశంలో. కొట్లో బండ్లు తోసి స్టార్ట్ చేసేటప్పుడు నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి క్లచ్చు తొక్కు, వదులు అని అరిచేవాడివే, నాకు వచ్చింది ఆ కాస్తే. బాబాను పట్టుకుని షెడ్డుదాకా నడిపించి పక్కసీట్లో ఎక్కించాను. తాళం తిప్పగానే ఇంజిను అందుకుంది. గేటు దాటాను. రోడ్డేదో గుంతేదో తెలియదు. ఒక నీళ్ళ ట్యాంకు తేలుతూ మా ముందునుంచే పోయింది. బాబా కళ్ళు మూసుకుని, "పెట్రోలు బంకు వచ్చిందా? అయితే కుడికి" అని చెప్తూ, మధ్యలో దేవుణ్ణి తలుచుకుంటూ ఉన్నాడు.

గుట్ట ఎక్కే మలుపు దగ్గర నీళ్ళు ఎగిరి ఇంజిను మీద పడ్డాయి. బండి దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. తలుపు సందులనుంచి నీళ్ళు పాదాల మీదికి వచ్చాయి.

"ఖలాస్" అన్నాడు బాబా. కాసేపటికి, "నువ్వు దిగి వెళ్ళిపో బేటీ. నీకు కూతురుంది" అన్నాడు.

నేను దిగాను. వెళ్ళిపోదామనే దిగానేమో, ఇప్పటికీ నాకు తెలియదు. మోకాళ్ళ పైదాకా నీళ్ళు, కిందినుంచి ఇసుక జారిపోతూ ఉంది. పడిపోకుండా బానెట్ పట్టుకున్నాను. పట్టుకున్నాక ఎత్తాను. భోజనాలప్పుడు కింద పరిచే ప్లాస్టిక్ గుడ్డ ఒకటి వెనక సీట్లో ఉంటే తెచ్చి, తల మీదినుంచి ఇంజిను మీదికి కప్పుకున్నాను. నేను వాజెలిన్ పూసినవన్నీ చెక్కుచెదరలేదు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత లోపల మాత్రం చెమ్మ. లోపలి లంగా పైభాగం పొడిగా ఉంటే దాంతోనే తుడిచాను. మూత పెట్టడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలియదు. ఎక్కి తాళం తిప్పాను. పలకలేదు. మళ్ళీ తిప్పాను. పాపను తలుచుకుని ఇంకోసారి తిప్పాను. అందుకుంది.

బడి చేరాం. వాననీళ్ళలో తడిసిన ఎవరెవరో జనం బాబాను లోపలికి ఎత్తుకుపోయారు.

మర్నాడు అబ్దుల్ అజీజ్ వెతుక్కుంటూ వచ్చాడు. "కారు ఎవరు నడిపారు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే బాబా, "నేనే" అన్నాడు. కొడుకు తండ్రిని అందరిలో పట్టుకుని అరిచాడు. కళ్ళు కనబడనివాడివి, ఈమెను కూడా చంపేవాడివి అన్నాడు. తాళం లాక్కున్నాడు. ఆ పాత ఇనుమును అమ్మేస్తానన్నాడు. ఇంటికొచ్చాక బాబా అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టడం మానేశాడు. నేను మాత్రం బురద కడిగి, ఆరబెట్టి, ప్రతి తీగ కొసా మళ్ళీ రుద్దాను. ఈసారి చిలుము రాత్రికి రాత్రే పుట్టుకొచ్చింది.

పక్కింట్లో పనిచేసే రాయచోటి జైనబీకి చెప్పుకున్నాను.

"ఏమ్మే, నీకేమన్నా పిచ్చా? ఆ ముసలాయన తానే నడిపినా అంటాండాడు కదా, నోరు మూసుకోని ఉండు. లైసెన్సు లేకుండా నడిపినావని తెలిస్తే జైల్లో ఏస్తారు. మన పాస్‌పోర్టులు ఈళ్ళ చేతుల్లోనే ఉండాయని మర్చిపోయినావా?" అంది.

మర్చిపోలేదు. అయినా కారు కొనేవాళ్ళు చూడటానికి వస్తారన్న రోజున అబ్దుల్ అజీజ్ ముందుకెళ్ళి, "నడిపింది నేను. బాబా తప్పు లేదు" అన్నాను. అతను నా ముఖంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. నేను గుడ్డలు సర్దుకున్నాను. పోలీసు బండి శబ్దం వినబడుతుందేమోనని ఒకటే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

సాయంత్రం షెడ్డు దగ్గరికి పిలిచాడు. తాళం నా చేతిలో పెట్టి, పక్కసీట్లో కూర్చున్నాడు.

"నడిపి చూపించు. గేటు దాకా. బయటికి కాదు."

గేటు దాకా పోనిచ్చి ఆపాను. అతను ముందుకే చూస్తూ, "ఆ రోజు వాది అటు ఒడ్డున ఉన్నాను. బండిని నీళ్ళలోకి దించితే జనం వెనక్కి లాగేశారు. నాన్న పోయాడనుకున్నాను" అన్నాడు. తర్వాత మెల్లగా, "నీ గురించి ఒక్కసారి కూడా అనుకోలేదు" అన్నాడు. బండి దిగి, తాళం నా దగ్గర తీసుకున్నాడు.

తాళం బాబాకు తిరిగి ఇచ్చేశాడు. కొనేవాళ్ళను రావద్దన్నాడు. నన్ను పంపించడం లేదు. ఈ సంగతి ఇల్లు దాటకూడదన్నాడు, నువ్వూ ఎవరికీ చెప్పకు.

భయం పోయిందని మాత్రం రాయలేను. నేల కడిగే నీళ్ళు గడప దాటినా ఒళ్ళు జలదరిస్తుంది. ఈసారి ఫోను చేసినప్పుడు ఏమైందని అడగకు. కొట్టు గురించో, పాప చదువు గురించో, నీకు తోచింది మాట్లాడుతూ ఉండు. నేను వింటూ ఉంటాను.

ఇట్లు,
నీ చెల్లెలు
మల్లీశ్వరి