పుణ్యం, ఫేజ్ టూ

మే 6, మంగళవారం

కరెంటు లేదు. సైన్స్ పార్కులో కరెంటు పోవడం రాయదగ్గ విషయమేమీ కాదు. గేటు మీద ‘సస్టైనబుల్’ అన్న బోర్డు కూడా డీజిల్ జనరేటర్‌తోనే వెలుగుతుంది. నా కార్డు మీద సస్టైనబిలిటీ మేనేజర్ అని ఉంది. ఏం మేనేజ్ చేస్తున్నానో నాకే అనుమానం.

ఊరి శివారు మింగళాడోన్‌లో ఇంత స్థలం తీసుకున్న ఈ పార్కులో నిజంగా పనిచేస్తున్నది ఒక్కటే, నీటి ల్యాబ్ నడిపే మే తు అనే అమ్మాయి కొలను. క్యాంటీన్ మురుగు, ల్యాబుల మురుగు అందులోకే మళ్ళించి, తేలే తెప్పల మీద వట్టివేళ్ళ గడ్డి పెంచుతోంది. వేళ్ళు నీటిలోకి దిగి మురికిని పీల్చుకుంటాయి. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. నెలాఖరుకు ఫండింగ్ వాళ్ళు వస్తారు. అప్పటికి నీళ్ళు తేటపడితే ఆమె ల్యాబ్ నిలుస్తుంది. లేదంటే ఆ గది ఫోన్ల కంపెనీకి గోడౌన్.

మే 9, శుక్రవారం

బర్మీయుల బుద్ధ పౌర్ణమి, కసోన్ పున్నమికి పార్కు తరఫున ఈ కొలనులో చేపలు వదులుదామన్నారు డైరెక్టర్ ఊ టిన్ ఆంగ్. ప్రాణదానం, పైగా పర్యావరణం, ఫొటోలు బాగుంటాయన్నారు. నేనూ తలూపాను. బ్యానర్ డిజైన్ చేయించింది కూడా నేనే. మే తు సెలవులో ఉంది. అడగాలని తోచలేదు.

మే 11, ఆదివారం

బకెట్ల కొద్దీ జెల్లచేపలు. భిక్షువులు పరిత్త రక్షా సూత్రాలు చదువుతుంటే ఒక్కొక్కరూ వంగి వదిలారు. పజుండౌంగ్ పేట నుంచి మా అమ్మ తన వాటా తానే తెచ్చుకుంది. ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టి మరీ వదిలింది. ఫొటోలు బాగా వచ్చాయి.

మే 13, మంగళవారం

కొలను టీకొట్టు టీ రంగుకొచ్చింది. జెల్లలు అడుగు బురదంతా తవ్వి పోస్తున్నాయి, వేళ్ళు కొరుకుతున్నాయి. మే తు వచ్చి చూసింది. గట్టున కూర్చుంది. తెగిన వేళ్ళు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేది.

మే 14, బుధవారం

చేపల్ని తీసేయాలి, అంతే కదా. అంత తేలిక కాదట. దానం చేసిన ప్రాణిని మళ్ళీ పట్టడమా అని డైరెక్టర్ నావైపు చూసిన చూపు! తోటమాలులు వల చూసి వెనక్కి తగ్గారు. అలా పట్టుకు తిన్నవాడెవడికో మాట పడిపోయిందని వాచ్‌మన్ కథ చెప్పాడు. పోనీ మే తు అయినా దిగుతుంది, ల్యాబ్ తనది, పైగా పీహెచ్‌డీ అనుకున్నాను.

“లేదక్కా. ఒగ్గేసిన చేపని నేను పట్టలేను. ల్యాబ్ పోతే పోనీ. మీకయితే ఈ పట్టింపు లేదు కదా?”

ఒళ్ళు మండింది. వాళ్ళమ్మ మా తెలుగావిడే, కానీ పిల్ల పెరిగింది తండ్రి వైపు బౌద్ధంలో. నాకు ఏ పట్టింపూ లేదు, చేపల పులుసు లేనిదే ముద్ద దిగదు. సాయంత్రం అందరూ వెళ్ళాక వల తీసుకుని నేనే గట్టున నిలబడ్డాను. ఒక జెల్ల పైకొచ్చి గాలి పీల్చుకుంది. వల దించలేకపోయాను. ఎందుకో ఇప్పటికీ తెలియడం లేదు.

మే 15

నీళ్ళు నల్లబడ్డాయి.

మే 17, శనివారం

అమ్మతో చెప్పాను. బియ్యం ఏరుతూ వింది.

“ఏటే, ఇంతమంది సదువుకున్నోళ్ళు! మురుగులోంచి తీసి ఏట్లో ఒగ్గండి. అది పట్టడమేటి, ఇడిపించడం కాదా? పున్యం రెండోమారు వస్తాది.”

నాకెందుకు తట్టలేదు? ఇన్నేళ్ళుగా నేను రాసిన రిపోర్టుల్లో ఇంత సూటి వాక్యం ఒక్కటైనా ఉందా?

మే 19, సోమవారం

డైరెక్టర్‌కు అమ్మ పేరు చెప్పలేదు. ‘ఫేజ్ టూ: నదిలోకి విడుదల’ అని స్లైడ్ చేసి చూపించాను. మొహం వెలిగిపోయింది. ముందే ఇలా ప్లాన్ చేయాల్సిందని నన్నే మందలించారు. కొత్త బ్యానర్ కావాలట.

మే 21, బుధవారం

వెనక్కి తగ్గిన తోటమాలులే ముందు దూకారు. మే తు లుంగీ మోకాళ్ళ దాకా ఎగ్గట్టి వల పట్టింది, నవ్వింది కూడా. డ్రమ్ములన్నీ వ్యాన్లకెక్కించి లైంగ్ నదికి తీసుకెళ్ళాం. మళ్ళీ పరిత్త, మళ్ళీ ఫొటోలు.

మే 28, బుధవారం

గట్టు పక్కన అడుగు కనిపిస్తోంది. మధ్యలో ఇంకా మసకే. వాళ్ళు వచ్చేది రేపే.

మే 29, గురువారం

వచ్చారు. మే తు గ్రాఫులిచ్చింది. మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. నీళ్ళు ఇంకా పూర్తిగా తేటపడలేదు కదా అన్నారొకరు. ఇక అయిపోయిందనుకున్నాను. సరిగ్గా అప్పుడే తెప్ప కింద నుంచి ఒక జెల్ల పైకొచ్చింది. ఒకటి మిగిలిపోయింది! మురుగునీటిలో ఇది బతుకుతోందా అని ఆశ్చర్యపోయారు. జెల్ల ఎంత మురికిలోనైనా బతుకుతుందని మే తు చెప్పబోయింది. అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లు. ఇది ఇండికేటర్ స్పీషీస్, నీళ్ళు బాగుపడ్డాయని చెప్పే చేప, మొదటి నుంచీ డిజైన్‌లో ఉన్నదే అని డైరెక్టర్ తడుముకోకుండా చెప్పారు.

ల్యాబ్‌కు మరో ఏడాది ఇచ్చారు. గ్రాఫు ఎవరూ విప్పలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియక మే తు తెప్పలు కడుగుతూ కూర్చుంది.

మే 30

మిగిలిన ఆ ఒక్క చేప కొలను దాటి పోకూడదని ఆర్డరొచ్చింది. చుట్టూ మెష్ వేశారు, వాచ్‌మన్‌ని పెట్టారు.

అమ్మకు ఇంకా చెప్పలేదు.